మంత్రసానితనం ఒప్పుకున్నాక

మా నాయనమ్మ పది పురుళ్ళు పోసుకుంది. పదీ కొల్లేటి లంకలో, తాటాకింట్లో, నులకమంచం మీదే. బతికి బట్టకట్టింది ఐదుగురు, అందులో మా నాన్న ఒకడు. పోయినవాళ్ళలో ఇద్దరు పుట్టిన వారానికే దవడ బిగుసుకుపోయి, పాలు పట్టలేక, కట్టెల్లా అయిపోయి పోయారట. గాలి సోకిందనుకుని వేపమండలు కట్టారట గుమ్మానికి. అది గాలి కాదు, ధనుర్వాతం. బొడ్డు కోసిన కొడవలి మీద కూర్చుని వచ్చిన చావు.

ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇది చదివి “పాతకాలమే మేలండీ, మన పెద్దోళ్ళు ఇంట్లోనే కనలేదా” అని తలూపేవాళ్ళు నా పక్కన నిలబడొద్దు. మా నాయనమ్మ కడుపుకోత తెలిసిన ఇంట్లో పుట్టినదాన్ని. ఆ కాలాన్ని తిరిగి తెమ్మని అడగను.

ఇక నా సంగతి. తెల్లవారుజామున నొప్పులు మొదలయితే పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వెళ్ళగానే వెల్లకిలా పడుకోబెట్టి చేతికి సెలైన్ పెట్టారు. లేచి నడుస్తానంటే వద్దన్నారు. మంచినీళ్ళు అడిగితే వద్దన్నారు. మా అమ్మను లోపలికి రానివ్వమంటే రూలు లేదన్నారు. గంటకో మనిషి వచ్చి చెప్పాపెట్టకుండా లోపల చేయి పెట్టి చూసి, ఒక అంకె పలికి వెళ్ళిపోయింది. ఆ అంకె నాకోసం కాదు, పక్కనున్న కాగితం కోసం. మధ్యాహ్నానికి బయట మా ఆయన చేతిలో ఒక ఫారం పెట్టారు. “నొప్పులు సాగట్లేదు, బిడ్డకి ఇబ్బంది. మీ ఇష్టం, రిస్కు మాత్రం మీదే.” ఆ మాట విన్నాక సంతకం పెట్టని మొగుడు ఎక్కడైనా ఉంటాడా? దీపాలు పెట్టేవేళకి నా పొట్ట కోసి బిడ్డను తీశారు.

నా ఆపరేషన్ అవసరమై చేశారో, పొద్దుపోతోందని చేశారో నాకు ఈనాటికీ తెలియదు. నా కోపమంతా అక్కడే ఉంది. అవసరమే అయ్యుంటే ఆ చేతులకు మొక్కుతాను. కానీ నా ఒంట్లో ఏం జరుగుతోందో నా కళ్ళలోకి చూసి చెప్పిన మనిషి ఆ పన్నెండు గంటల్లో ఒక్కరు లేరు. నాయనమ్మ మంచం పక్కన మనిషి ఉంది, చదువు లేదు. నా మంచం పక్కన చదువంతా ఉంది, మనిషి లేదు. రెండు తరాల ఆడవాళ్ళకి ఈ రెండిట్లో ఏదో ఒకటే దక్కుతుందని రాసిపెట్టింది ఎవరు?

అంకెలు చూడండి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019 నుంచి 2021 దాకా జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో వంద కాన్పులు జరిగితే అందులో 42 పెద్దాపరేషన్లే అని ఆ సర్వే తేల్చింది. ప్రైవేటు ఆసుపత్రుల్లో వందకు 63. సర్కారు ఆసుపత్రుల్లో వందకు సుమారు 27. దేశం మొత్తం తీసుకుంటే వందకు 21 పైచిలుకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే పది, పదిహేను దాటితే సమర్థించుకోలేరని చెప్పింది. వందకు పది దాటాక జనాభా లెక్కన తల్లీబిడ్డల చావులు మరింత తగ్గిన ఆధారం లేదని 2015లో ఇంకోసారి చెప్పింది. మన గోదావరి ఆడవాళ్ళ నడుము ఎముకలు ప్రైవేటు ఆసుపత్రి మెట్లెక్కగానే ఇరుకైపోతాయా? అదే మనిషి సర్కారు ఆసుపత్రికి వెళితే వెడల్పవుతాయా? 27కీ 63కీ మధ్య ఉన్న తేడా ఒంట్లో లేదు, వ్యవస్థలో ఉంది.

ఈ తేడా ఎక్కడ పుట్టిందో తెలియాలంటే మంత్రసాని కథ దగ్గరికి వెళ్ళాలి.

మా లంకలో మంత్రసాని అర్ధరాత్రి వానలో దోనె వేసుకుని వచ్చేదని నాయనమ్మ చెప్పేది. వెన్ను నిమిరేది, నడిపించేది, ఉప్పునీళ్ళ కాపడం పెట్టేది, “ఇంకాస్తే, ఇంకాస్తే అమ్మాయ్” అంటూ తెల్లవార్లూ చేయి వదిలేది కాదు. ఆమెకు ముట్టేది మానికెడు బియ్యం, ఓ పాత చీర. బిడ్డ కిందపడే దాకా ఆమె చేతులు కావాలి. పడ్డాక ఆమె కులం గుర్తొచ్చేది, వంటింటి గుమ్మం ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. ఊరి బిడ్డలందరికీ మొదటి స్పర్శ ఆమెదే, ఊరికి ఆమె స్పర్శ మాత్రం మైల. ఆమెకు అక్షరం నేర్పలేదు, సబ్బు ఇవ్వలేదు, కొడవలి బదులు కొత్త బ్లేడు వాడమని చెప్పిన నాథుడు చాలాకాలం దాకా లేడు. చచ్చిన బిడ్డల పాపం మాత్రం ఆమె నెత్తిన వేశాం. “మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి” అని సామెత కట్టి, ఎగతాళికి వాడుకున్నాం. అందులో ఎగతాళి ఏముంది? పని ఒప్పుకున్నాక ఏదొచ్చినా పారిపోని మనిషి గురించిన మాట అది.

తర్వాత ఏఎన్ఎం వచ్చింది. ఆ పేరులోని చివరి అక్షరానికి అర్థం మిడ్‌వైఫ్, అంటే మంత్రసాని. చదువుకున్న మంత్రసాని! నాయనమ్మ తరం కలలో కూడా అడగలేని వరం. ఆమె టీటీ సూదులు పట్టుకుని లంకలు తిరిగింది. నవజాత శిశువుల ధనుర్వాతాన్ని తుడిచిపెట్టిన రాష్ట్రంగా 2003లో దేశంలో మొదట గుర్తింపు పొందింది మన ఆంధ్రప్రదేశే. మా ఇద్దరు చిన్నాన్నల్ని మింగిన జబ్బును ఆ సూది సంచీ ఓడించింది. కానీ ఆమె చేతిలోంచి కాన్పును మెల్లగా లాగేశాం. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఏఎన్ఎంను బహుళార్థ ఆరోగ్య కార్యకర్తను చేయమంది. శిక్షణ కాలం రెండేళ్ళ నుంచి ఏడాదిన్నరకి కుదించారు. పని మాత్రం పదింతలు పెంచారు. జ్వరాల సర్వే ఆమెదే, టీకాలు ఆమెవే, రిజిస్టర్లు ఆమెవే, ఇప్పుడు ఫోనులో యాప్‌లూ ఆమెవే. ఆమె పేరులో మంత్రసాని మిగిలింది, చేతుల్లోంచి పోయింది.

2005లో, ఆసుపత్రిలో కన్న తల్లికి డబ్బిచ్చే జననీ సురక్షా యోజన వచ్చింది. అదే ఏడు ఆగస్టు 15న 108 అంబులెన్సు రోడ్డెక్కింది. కాన్పంటే ఆసుపత్రే అని ప్రభుత్వం ఊరూరా చాటింది. వచ్చిన ఫలితాన్ని కాదనే మూర్ఖురాలిని కాను. 2001–03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష జననాలకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018–20 నాటికి మన రాష్ట్రంలో అది 45కి దిగింది. ఆ నూటయాభై ప్రాణాల లెక్కకి చేతులెత్తి మొక్కుతాను. 2019–21 సర్వే నాటికే వందలో 96 మందికి పైగా ఆసుపత్రిలోనే కంటున్నారు. అంటే ఏమిటి? ప్రభుత్వం మంత్రసానితనం ఒప్పుకుంది. నాయనమ్మ మంచం పక్కనున్న మనిషిని పక్కకు తప్పించి, “ఇక నేను చూసుకుంటాను” అని మాటిచ్చింది. మాటిచ్చి, ఆ చోట మనిషిని కూర్చోబెట్టడం మరిచిపోయింది. ఖాళీగా ఉన్న ఆ కుర్చీలోకి కత్తి వచ్చి కూర్చుంది.

కత్తి ఎందుకొచ్చిందో చెబుతాను. డాక్టర్లంతా డబ్బు పిశాచులని తిట్టి చేతులు దులుపుకోవడం నాకు చేతకాదు. చిన్న పట్నంలో ఒక డాక్టరమ్మ నడిపే ఆసుపత్రిని చూడండి. పొద్దున ఓపీ, సాయంత్రం ఓపీ. మత్తు డాక్టరు పిలిస్తే వచ్చే మనిషి, ఆయన వచ్చే వేళకే ఆపరేషన్లు. గర్భసంచి ముఖద్వారం ఐదు సెంటీమీటర్లు తెరుచుకున్నాకే కాన్పు ఊపందుకున్నట్టనీ, ఆ తర్వాత తొలిచూలు తల్లికి 12 గంటలదాకా పట్టవచ్చనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో రాసిపెట్టింది. అంతకుముందు నడిచే నొప్పులకు లెక్కే లేదు. అన్ని గంటలు తల్లి పక్కన ఎవరు కూర్చోవాలి? డాక్టరమ్మకి తీరదు. కాన్పు తెలిసిన నర్సు ఆ ఆసుపత్రిలో లేదు. పొరపాటున బిడ్డ పోతే అద్దాలు పగలగొట్టడానికి ఊరంతా లారీ ఎక్కి వస్తుంది. అదే ఆపరేషన్ అయితే ముప్పావుగంటలో పూర్తి, బిల్లు రెట్టింపు, నింద సున్నా. సమయం, భయం, డబ్బు, మూడూ ఒకే వైపు లాగుతుంటే కత్తి అటే తెగుతుంది. ఈ త్రాసును సరిచేయగలిగేది ఆ గంటలన్నీ కూర్చోగల మనిషి ఒక్కతే. మంత్రసాని.

మన ఇళ్ళ పాపం కూడా చెప్పాలి. మా వదిన తాడేపల్లిగూడెంలో ఉంటుంది. కూతురికి ముప్పయ్యేడో వారం నడుస్తుండగా నాకు ఫోన్ చేసి చెప్పింది: “పంతులుగారు నక్షత్రం చూశారు. తెల్లవారుజామున నాలుగింటికి కుదిరింది, డాక్టరుగారు ఒప్పుకున్నారు.” నొప్పుల్లేవు, బీపీ లేదు, బిడ్డకు ఏ ఇబ్బందీ లేదు. “వదినా, ఆ బిడ్డ ఊపిరితిత్తులు ఇంకా పండలేదు, ఆగండి” అన్నాను. “మంచి జాతకం వద్దంటావా?” అంది. బిడ్డ ఊపిరందక మూడు రోజులు అద్దాల పెట్టెలో ఉంది. ముహూర్తం మాత్రం తప్పలేదు! పచ్చి బిడ్డను కోసి తీసి మంచి ఘడియ అని పిలిచే మనకు, మంత్రసానిని మూఢురాలని వెక్కిరించే అర్హత ఎక్కడిది? మొదటిసారి కోస్తే రెండోసారీ కోయాల్సిందే అంటారు. అదీ అన్ని వేళలా నిజం కాదు. సరైనవాళ్ళని ఎంచి, థియేటరు సిద్ధంగా ఉంచుకుని ప్రయత్నిస్తే పదిమందిలో ఏడుగురు మామూలుగానే కంటారు. కోత మీద కోత పడేకొద్దీ మాయ పాత కుట్టుకి అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది. ఆ రక్తస్రావానికి ప్రాణాలే పోతాయి. ఈ మాట ముహూర్తం పెట్టే పంతులుగారు చెప్పరు.

ఇక రెండో ఒడ్డున ఇంకొక మూక బయల్దేరింది. “ప్రకృతి సహజంగా, ఇంట్లోనే, ఎవరి సాయం లేకుండా” అని ఫోనులో పాఠాలు చెప్పేవాళ్ళు. 2018 జూలైలో తమిళనాడు తిరుప్పూరులో యూట్యూబ్ వీడియోలు చూసి ఇంట్లో కాన్పుకు కూర్చున్న ఒక యువ ఉపాధ్యాయురాలు నెత్తురు పోయి చనిపోయింది. ఆమెకు కావలసింది వీడియో కాదు, పొత్తికడుపు మీద చేయి వేసి గర్భసంచి మెత్తబడిందని పసిగట్టే మనిషి. ఆ వీడియోలు చేసినవాళ్ళని నేను క్షమించను.

ఇంటి కాన్పు అనే మాటకు అసలు అర్థం వినండి. ఇంగ్లండులో సుమారు 64 వేల మంది ప్రమాదం లేని తల్లుల కాన్పులను లెక్కగట్టిన అధ్యయనం 2011లో వచ్చింది. రెండో కాన్పో మూడో కాన్పో అయిన తల్లులు శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ చేతుల్లో ఇంట్లో కన్నా, ఆసుపత్రిలో కన్నా బిడ్డల క్షేమంలో తేడా కనిపించలేదు. తొలిచూలు తల్లులకు మాత్రం తేడా ఉంది. బిడ్డకు హాని జరగడం ఆసుపత్రిలో వెయ్యికి ఐదు దాకా ఉంటే, ఇంట్లో తొమ్మిది దాటింది. వాళ్ళలో వందకు 45 మందిని మధ్యలోనో కాన్పయ్యాకో ఆసుపత్రికి తరలించారు. తరలించడానికి రోడ్డుంది, బండి ఉంది, అవతల తలుపు తెరిచిపెట్టిన ఆసుపత్రి ఉంది. ఇంత ఏర్పాటున్న దేశంలోనే లెక్క అది.

కాబట్టి ఇంటి కాన్పు ప్లాన్ అంటే దీపాలూ పాటలూ కాదు. కడుపులో ఒక్క బిడ్డే ఉండాలి, తల కిందికి తిరిగి ఉండాలి, 37 వారాలు నిండాలి. తల్లికి బీపీ, షుగరు, పాత కుట్టు ఉండకూడదు. రక్తం 11 గ్రాములకు తగ్గకూడదు. కాన్పు తెలిసిన చేతులు రెండు జతలు కావాలి, తల్లికి ఒకరు, బిడ్డకు ఒకరు. నెత్తురు ఆపే ఆక్సిటోసిన్ సూది చల్లని పెట్టెలో ఉండాలి, ఎండలో పెడితే అది పనికిరాదు. ఏడవని బిడ్డకు ఊపిరి అందించే సంచీ చేతికందేలా ఉండాలి. పోతున్న నెత్తురును కంటి అంచనాతో వదలకుండా కొలవాలి, అర లీటరు దాటితే ఆలోచనలు ఆపి సూది వేసి పరుగు తీయాలి. గుమ్మంలో బండి, ఆసుపత్రికి ముందే కబురు, రక్తం ఇచ్చేవాళ్ళ పేర్లు సిద్ధంగా ఉండాలి. అన్నిటికన్నా ముందు, “ఇక ఇంట్లో వద్దు, పద” అని చెప్పే తెలివి, ఆ మాట వినే ఇల్లు ఉండాలి.

ఇప్పుడు ఈ కొలతలు పట్టుకుని గుడివాకలంకకో, ప్రత్తికోళ్ళలంకకో, పెనుమాకలంకకో రండి. బుడమేరు, తమ్మిలేరు పొంగి వచ్చి పడేది ఇక్కడే, సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలకు లంకల దారులు మునిగి జనం పడవలెక్కారు. చుట్టూ చేపల చెరువులు, తాగే నీళ్ళు కొనుక్కోవాలి. రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులే అని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనే చెప్పింది. ఆక్సిటోసిన్ పెట్టె మోసుకొచ్చే చేతులు ఏవి? రెండు జతల మాట అటుంచండి, ఒక్క జత ఏది? అందుకే ఏ లంక ఆడపిల్లకూ ఈరోజు ఇంట్లో కనమని నేను చెప్పను. చెబితే హంతకురాలినవుతాను. కానీ ఆ మాట చెప్పలేని గతి పట్టించింది ఇల్లు కాదు. కొల్లేరూ కాదు. పేరులో మంత్రసానిని ఉంచి ఊళ్ళోంచి మంత్రసానిని తీసేసిన పాలన.

పైగా వరద ఆగమంటే ఆగదు, నొప్పులూ ఆగవు. దారి మునిగిన రాత్రి, పడవలో, 108లో, బిడ్డ తన వేళకు వచ్చేస్తుంది. అప్పుడు పక్కన ఎవరుంటారు? వందకు 96 అని చాటింపు వేసుకునేవాళ్ళు మిగిలిన నలుగురికి జవాబు చెప్పాలి.

ఇదంతా జరగని పని అంటారా? పక్క రాష్ట్రం చూడండి. ఆ సర్వేలో వందకు 60 కోతలతో దేశంలోనే ముందున్న తెలంగాణలో, 2017లో ప్రభుత్వం, యూనిసెఫ్, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి సర్కారు నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టాయి. అందుకు గొంతెత్తిన డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ స్వయంగా కాన్పుల డాక్టరు. కత్తి పట్టడం తెలిసిన మనిషే, కత్తి అక్కర్లేని తల్లిని మంత్రసానికి అప్పగించమంటోంది! 2018లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. నర్సుకు ఏడాదిన్నర ప్రత్యేక శిక్షణ, సర్కారు ఆసుపత్రుల్లో మిడ్‌వైఫ్‌లే నడిపే కాన్పు గదులు. 2023లో నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. కాగితం సిద్ధం, చట్టం సిద్ధం. డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ ప్రసూతి గురించి తెలుగులో పుస్తకం రాసి, 1957లో విజయవాడ నుంచి పార్లమెంటుకు వెళ్ళిన నేల ఇది. చదువుకున్న చేయి ఆడదాని మంచం దాకా చేరాలన్న ఆలోచన మనకు కొత్తగా ఎవరూ దిగుమతి చేయనక్కర్లేదు.

అందుకే అడుగుతున్నాను. బతిమాలడం లేదు, అడుగుతున్నాను. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, ఆకివీడు, భీమడోలు సర్కారు ఆసుపత్రుల్లో మంత్రసానులు నడిపే కాన్పు గదులు తెరవండి. పక్క గోడ అవతల థియేటరూ డాక్టరూ ఉండాలి. లంక ఆడపిల్లల్నే ఎంచి ఆ చదువు చదివించండి, రిజిస్టర్ల బరువు దించి వాళ్ళ ఊరికి వాళ్ళని పంపండి. వరద నెలల్లో నెలలు నిండిన తల్లులు ముందే వచ్చి ఉండడానికి ఆసుపత్రి పక్కన ఒక ఇల్లు కట్టండి. ప్రతి ఆసుపత్రి గుమ్మం మీద, సర్కారుదైనా ప్రైవేటుదైనా, పోయిన నెల ఎన్ని కాన్పులు, ఎన్ని కోతలు అని బోర్డు రాయించండి. సినిమా హాలు ముందు టికెట్ రేటు రాయగా లేనిది, కడుపు కోసే చోట లెక్క రాయడానికి సిగ్గెందుకు? కాన్పు గదిలోకి తల్లినో అక్కనో రానివ్వండి. ఐదో నెలలోనే ప్రతి గర్భిణికీ తన మంత్రసాని పేరు, ఫోను నంబరు తెలియాలి. ఇవన్నీ అయిన నాడు, ప్రమాదం లేని రెండో కాన్పు తల్లి “నా ఇంట్లో కంటాను” అంటే ఆమెకు సాయం చేయడం మన విధి అవుతుంది. అంతవరకూ ఇల్లా, ఆసుపత్రా అన్న వాదన అసలు ప్రశ్నను దాచిపెట్టే ముసుగు.

నా కూతురికి పదిహేనేళ్ళు. నా పొట్ట మీది గీత చూసి ఒకరోజు అడిగింది, “నాకూ ఇలాగే చేస్తారా అమ్మా?” అని. నాయనమ్మ మంచమూ వద్దు, నా మంచమూ వద్దు దానికి. చదువుకున్న చేయి ఒకటి కావాలి, తెల్లవార్లూ వదలని చేయి.

ఈ రాష్ట్రం 2005లో మంత్రసానితనం ఒప్పుకుంది. ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి. వరద వచ్చినా, అర్ధరాత్రి వచ్చినా, పన్నెండు గంటల నొప్పి వచ్చినా పట్టాలి. మానికెడు బియ్యానికి మా లంక మంత్రసాని నిలబెట్టుకున్న మాట, ఖజానా చేతిలో ఉన్న ప్రభుత్వం నిలబెట్టుకోలేదా?